చేతిలోని పుస్తకమే దారి చూపుతుంది: మంచి రచనలను, రచయితలను వెతుక్కునే పద్ధతి

"ఏదైనా మంచి పుస్తకం ఉంటే చెప్పండి" అని తిరుపతిలో నన్ను అడిగేవారు తక్కువేమీ కాదు. అడిగినవారి వయస్సు, అభిరుచి, ఓపిక తెలియకుండా ఒక పేరు చెప్పడం, కొలత తీసుకోకుండా చొక్కా కుట్టడం లాంటిది. అందువల్ల నేను వారిని ఎదురు ప్రశ్న ఒకటి అడుగుతాను: మీరు చదివినవాటిలో, మూసి పక్కన పెట్టిన తరువాత కూడా మిమ్మల్ని విడిచిపెట్టని పుస్తకం ఏది? బడిలో పాఠ్యాంశంగా చదివిన కథ అయినా సరే, బస్సులో ఎవరో వదిలివెళ్ళిన వారపత్రికలోని సీరియల్ అయినా సరే. ఆ ఒక్క పేరు చెప్పగలిగినవారికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు, ఎందుకంటే ప్రతి మంచి పుస్తకం తన కంటే ముందు వచ్చిన పుస్తకాల ఆనవాళ్ళను ఎక్కడో ఒకచోట దాచుకొనే ఉంటుంది. వాటిని ఎక్కడ వెతకాలో, ఎలా చదవాలో, ఎక్కడ మోసపోతామో చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట చేయవలసిన పని, కథలోకి దూకకుండా పుస్తకం అంచులను చదవడం. అట్ట తిప్పగానే కనిపించే ముఖపత్రం వెనుక పుటలో ప్రథమ ముద్రణ ఏ సంవత్సరంలో జరిగింది, ఇది ఎన్నవ ముద్రణ, ఎన్ని ప్రతులు వేశారు, ప్రతులు ఎక్కడ దొరుకుతాయి అనే వివరాలు ఉంటాయి. ఆ తరువాత అంకితం, ఆపైన ముందుమాట, రచయిత తన మాటగా రాసుకొన్న నాలుగు పుటలు వస్తాయి. సాధారణంగా మనం వీటిని దాటవేసి మొదటి అధ్యాయానికి వెళ్ళిపోతాం. రచయిత ఎవరి వద్ద నేర్చుకొన్నాడో, ఎవరికి ఋణపడ్డానని అనుకొంటున్నాడో, ఆ రచన మొదట ఏ పత్రికలో వచ్చిందో చెప్పేది ఆ పుటలే. ముందుమాట రాసిన వ్యక్తి కూడా చాలా సందర్భాల్లో మరొక రచయితే కాబట్టి, ఆ పేరు మీ రెండో పుస్తకం అవుతుంది.

ఇది ఈ కాలం వారు కనిపెట్టిన ఉపాయం కాదు. మన ప్రబంధాల అవతారికల్లో, అంటే కథకు ముందు వచ్చే పీఠిక పద్యాల్లో, ఇష్టదేవతాస్తుతి తరువాత పూర్వకవిస్తుతి అనే భాగం ఒకటి ఉంటుంది. కవి తనకు ముందున్నవారిని పేరుపేరునా తలచుకొని నమస్కరించే ఆ పద్యాలను మర్యాద కోసం రాసినవిగా భావించి వదిలేస్తాం గాని, నిజానికి అది ఆ కవి చదువుకొన్న పుస్తకాల పట్టిక. ఇక ప్రతి ఆశ్వాసం (అధ్యాయం) చివరా వచ్చే గద్య, అంటే ముగింపు వచనం, కవి తన చేతులతో రాసిపెట్టుకొన్న చిరునామా. పోతన భాగవతంలోని గద్యను ఒకసారి నిదానంగా చదవండి: తన కవిత్వం పరమేశ్వరుని కరుణ వల్ల కలిగిందని, తాను కేసనమంత్రి కుమారుడినని, తన పాండిత్యం సహజమైనదని ఆయన ఒకే ఊపిరిలో చెప్పుకొంటాడు. వైష్ణవ పురాణాన్ని తెనిగిస్తున్న కవి తన కవితకు మూలంగా పరమేశ్వరుణ్ణి పేర్కొనడం గమనించినవారికి ఆ కవి గురించి ఇంకా తెలుసుకోవాలనిపించకుండా ఉండదు. రచయితను కనుగొనడం మొదలయ్యేది ఇటువంటి చిన్న విశేషాల దగ్గరే.

ముద్రణ సంవత్సరం విషయంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక చిన్న సాహిత్య సమావేశంలో పల్లె కథ ఒకదాని గురించి మాట్లాడుతూ, అది 1990ల నాటి మార్పులకు అద్దం పడుతున్నదని గట్టిగా వాదించాను. నా చేతిలో ఉన్న సంపుటిపై ఆ దశాబ్దపు సంవత్సరమే ముద్రించి ఉంది. వెనుక వరుసలో కూర్చొన్న ఒక పెద్దాయన లేచి, "నాయనా, ఆ కథ పత్రికలో వచ్చినప్పుడు మా ఊరికి కరెంటే రాలేదు" అన్నారు. నేను చూసింది సంపుటి అచ్చయిన ఏడాది, కథ పుట్టిన ఏడాది కాదు. అప్పటి నుంచి కథల సంపుటి ఏది తీసుకొన్నా, ప్రతి కథ కింద పత్రిక పేరు, తేదీ ఉన్నాయా అని చూస్తాను. లేకపోతే చివరి పుటల్లోని అనుబంధంలో వెతుకుతాను. అవేవీ ఇవ్వని సంపాదకుడు తన పని సగమే చేసినట్టు లెక్క.

ఇప్పుడు ఒక దారం పట్టుకొని లాగితే ఎంత దూరం పోవచ్చో చూపిస్తాను. చిత్తూరు పట్టణాన్ని ఆనుకొని ఉన్న కట్టమంచి పేరు ఆ ఊరి చెరువు వల్ల చాలామందికి తెలుసు; ఆ ఊరి పేరే ఇంటిపేరుగా గల కట్టమంచి రామలింగారెడ్డి (1880–1951) రచనలు చదివినవారు అంతమంది లేరు. ఆయన విద్యార్థి దశలోనే రాసిన 'ముసలమ్మ మరణము' చిన్న కావ్యం. అనంతపురం ప్రాంతంలోని బుక్కరాయసముద్రం చెరువు తెగబోతున్నప్పుడు ఊరిని కాపాడడానికి ప్రాణత్యాగం చేసిన కోడలి కథ అది. రాజులూ దేవతలూ కాకుండా ఒక రైతు కుటుంబపు కోడలు కావ్యనాయిక కావడం అప్పటికి కొత్త. పొడవు తక్కువ కాబట్టి ఒక సాయంత్రంలో చదివేయవచ్చు. అది నచ్చితే ఆయనదే 'కవిత్వతత్త్వ విచారము' తీసుకోండి. అందులో ఆయన పింగళి సూరన రాసిన 'కళాపూర్ణోదయము' గుణదోషాలను నిర్మొహమాటంగా తరచి చూస్తారు. పాత కావ్యాన్ని మెచ్చుకోవడానికి మాత్రమే కాక ప్రశ్నించడానికి కూడా చదవవచ్చునని తెలుగువారికి నేర్పిన పుస్తకాల్లో అది ముఖ్యమైనది. అది చదువుతూంటే సూరన కావ్యాన్ని తెరవాలన్న కోరిక దానంతటదే పుడుతుంది. పదహారవ శతాబ్దపు కవి ఇరవయ్యవ శతాబ్దపు విమర్శకుడి చేయి పట్టుకొని మన ఇంటికి వస్తాడు.

దారం అక్కడితో తెగదు. రామలింగారెడ్డి మైసూరులో ఉన్న రోజుల్లో ఆయన ఆదరణతో అక్కడి మహారాజా కళాశాలలో తెలుగు పండితుడిగా చేరినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979). ఆంధ్ర విశ్వవిద్యాలయానికి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్) అయిన తరువాత, 1920ల చివర, రాళ్ళపల్లివారు ఆ విశ్వవిద్యాలయం కోసం వేమనపై ఉపన్యాసాలు ఇచ్చారు. అవి 'వేమన' పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఆ ఉపన్యాసాలు చదివినవారు వేమన పద్యాలను మొదట అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ దగ్గరకు వెళ్ళవలసిందే: 1829లో 693 పద్యాలతో, 1839లో ఇంకా ఎక్కువ పద్యాలతో ఆయన ప్రచురణలు వచ్చాయి. రాళ్ళపల్లివారి జీవితాన్ని మరొక వైపు అనుసరిస్తే మనం తిరుపతికే తిరిగి వస్తాం. 1950 ప్రాంతంలో ఆయన ఇక్కడి ప్రాచ్య పరిశోధన సంస్థలో చేరి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు రాగి రేకులపై నిద్రించిన తాళ్ళపాక కవుల సంకీర్తనలను పరిష్కరించారు, కొన్నింటికి స్వరాలు కట్టారు. ఆయనకు ముందు ఆ పనిలో శ్రమించిన వేటూరి ప్రభాకరశాస్త్రి అన్నమాచార్యుని మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రాసిన 'అన్నమాచార్య చరిత్రము'ను వెలుగులోకి తెచ్చారు. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించాడన్న లెక్క మనకు ఆ ద్విపద నుంచే వచ్చింది. దొరికినవి అందులో సగానికి లోపే.

చిత్తూరు చెరువు పక్కన మొదలుపెట్టి, సూరనను, వేమనను, బ్రౌనును చూసుకొని, తిరుమల కొండ మీద తేలాం. ఈ ప్రయాణంలో నేను ఏ జాబితానూ చూడలేదు. ఒక పుస్తకం పీఠికలో కనిపించిన పేరును పట్టుకొని మరొక పుస్తకానికి వెళ్ళడం తప్ప చేసిందేమీ లేదు.

ఇక గ్రంథాలయం సంగతి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా చేరి ఉంటుందని చాలామందికి తెలియదు. డబ్బు ముందే కట్టి భోజనానికి వెళ్ళనివాళ్ళను ఏమనాలి? కొద్దిపాటి డిపాజిట్ చెల్లించి సభ్యత్వం తీసుకొంటే పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చు. డ్యూయీ దశాంశ వర్గీకరణ పాటించేచోట తెలుగు సాహిత్యం 894.827 అనే సంఖ్య కింద ఉంటుంది. దాని చివర 1 చేరితే కవిత్వం, 2 చేరితే నాటకం, 3 చేరితే కథలూ నవలలూ. ఈ ఒక్క సంఖ్య గుర్తుంచుకొంటే ఏ ఊరి గ్రంథాలయంలోనైనా నేరుగా ఆ బీరువా ముందుకు వెళ్ళి నిలబడవచ్చు. పుస్తకం వెనుక అట్టకు లోపల అతికించిన తేదీల కాగితాన్ని కూడా చూడండి. ముప్పై ఏళ్ళుగా ఆగి ఆగి అయినా ముద్రలు పడుతూనే ఉన్న పుస్తకం ఒకటి, వచ్చిన ఏడాది ఇరవై ముద్రలు పడి ఆ తరువాత తెల్లగా మిగిలిపోయిన పుస్తకం ఒకటి పక్కపక్కన ఉంటే, నేను మొదటిదే తీసుకొంటాను. ఈ గుర్తు ప్రతిసారీ నిజం కాదు. మంచి పుస్తకం ఎవరి కంటా పడక ఖాళీ కాగితంతో ఉండిపోవడం కూడా నేను చూశాను.

పేర్ల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. తెలుగు పుస్తకాల పట్టికల్లో రచయితను ఇంటిపేరుతో వెతకాలి: రాజారాం కోసం 'ర' దగ్గర కాదు, మధురాంతకం అని 'మ' దగ్గర చూడాలి. కలంపేర్లతో రాసినవారి విషయంలో రెండు చోట్లా వెతకక తప్పదు. శ్రీశ్రీ ఒక పట్టికలో శ్రీశ్రీగానూ, మరొక పట్టికలో శ్రీరంగం శ్రీనివాసరావుగానూ ఉంటాడు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకరశాస్త్రి. బీనాదేవి అనే పేరు వెనుక ఉన్నది ఒక స్త్రీ కాదు, భార్యాభర్తలిద్దరు. ఇటువంటివి తెలియకపోతే పుస్తకం ఎదుటనే ఉన్నా లేదనుకొని వెనక్కి వస్తాం.

పురస్కారాల జాబితాలను ఎలా వాడుకోవాలన్నది మరొక ప్రశ్న. కేంద్ర సాహిత్య అకాడమీ 1955 నుంచి పురస్కారాలు ఇస్తున్నది; తెలుగులో మొదటిది సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు లభించింది. ఆ జాబితాను మొదటి నుంచి చివరి దాకా చదివేయాలని పూనుకొంటే రెండో ఏడాదికే విసుగొస్తుంది. దానిలో మీ ప్రాంతం వారిని, మీకు ఇష్టమైన ప్రక్రియను వెతకండి. మన చిత్తూరు వైపు నుంచి చూస్తే 1993లో మధురాంతకం రాజారాం కథలకు, 2022లో ఆయన కుమారుడు మధురాంతకం నరేంద్ర నవల 'మనోధర్మపరాగం'కు ఆ గౌరవం దక్కింది. తండ్రి బడిపంతులుగా పల్లెల్లో తిరుగుతూ చూసిన మనుషులను కథల్లో నిలిపితే, కుమారుడు దేవదాసీల కళాజీవితాన్ని నవలగా మలిచారు. ఇద్దరినీ వెంట వెంట చదవడం ఒక మంచి పాఠం. 2014లో పురస్కారం పొందిన రాచపాళెం చంద్రశేఖరరెడ్డి 'మన నవలలు మన కథానికలు' విమర్శ గ్రంథం కాబట్టి, అది ఒక పుస్తకంగానే కాక అనేక పుస్తకాలకు వాకిలిగా పనికొస్తుంది.

అయితే జాబితాలో లేనంత మాత్రాన చిన్న రచయిత అని అనుకోవద్దు. చలానికి ఆ పురస్కారం రాలేదు. మన చిత్తూరు వైపువాడైన డాక్టర్ కేశవరెడ్డి (1946–2015) పేరు కూడా అందులో కనిపించదు. నన్ను అడిగితే, చిత్తూరు నేల మీద పుట్టిన నవలల్లో 'అతడు అడవిని జయించాడు'ను మించినది అరుదు. పందులను మేపుకొనే ఒక ముసలివాడు, తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోవడం, ఆ చీకట్లో అతడు పడే పాట్లు, అంతే కథ. పుటలు తక్కువ, మాటలు తక్కువ, ఊపిరి బిగబట్టి చదవవలసిన రచన. ఆ రచయిత వృత్తిరీత్యా వైద్యుడని, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు చికిత్స చేస్తూ జీవితం గడిపాడని తెలిసిన తరువాత ఆయన ఇతర నవలలు చదివితే, లోకం వెలివేసినవారి పట్ల ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించవచ్చు. నా సలహా మాత్రం ముందు నవల, తరువాత జీవితం. జీవితకథ ముందు తెలిస్తే ప్రతి వాక్యంలోనూ దానినే వెతుకుతాం, కథలోని ముసలివాడు మనకు కనిపించకుండా పోతాడు.

సొంత ప్రాంతపు రచయితలతో మొదలుపెట్టమని నేను పట్టుబట్టడానికి మరొక కారణం భాష. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రచనలు తిరుపతి చుట్టుపక్కల పల్లెల మాటలోనే ఉంటాయి. కయ్య, గెనిమ, సంగటి వంటి మాటలకు అర్థం వెతుక్కోవలసిన అవసరం మనకు లేదు. కోస్తా నుంచి వచ్చిన పాఠకుడు తడబడేచోట మనం నవ్వుకొంటూ ముందుకు పోతాం. కళ్ళతో చదివితే కష్టమనిపించిన వాక్యాన్ని గొంతెత్తి చదివితే, అవ్వ పలికినట్టు వినిపిస్తుంది. ఒక్కసారి ఆ సుఖం మరిగిన తరువాత ఉత్తరాంధ్ర మాటలో రాసిన రావిశాస్త్రి దగ్గరకు వెళ్ళండి. అప్పుడు ఆ యాస పరాయిదిగా కాక, మరొక ఇంటి అవ్వ మాటగా వినిపిస్తుంది.

పుస్తకం కొనేముందు దానిని పరీక్షించడానికి నాకు ఒక అలవాటు ఉంది. అంగడిలో నిలబడి మొదటి పుట కాక, సుమారు మూడో వంతు దగ్గర పుస్తకాన్ని తెరచి రెండు పుటలు చదువుతాను. మొదటి పుటను ఏ రచయితైనా చెక్కి చెక్కి రాస్తాడు. మధ్యలో చేయి ఎలా నడుస్తున్నదో చూస్తే అసలు బలం తెలుస్తుంది. కథల సంపుటి అయితే అందులో అన్నిటికంటే పొట్టి కథ అక్కడే పూర్తిగా చదివేస్తాను. అంగడివారు ఒకసారి దగ్గుతారు, రెండోసారి పేరు పెట్టి పలకరిస్తారు, మూడోసారి వారే స్టూలు జరుపుతారు. వెనుక అట్ట మీది పొగడ్తలను మాత్రం లెక్కలోకి తీసుకోను.

ఒక రచయిత నచ్చిన తరువాత అతని రచనలన్నీ ఒకేసారి మీద వేసుకోవద్దు. పేరుపొందిన రచన ఒకటి, తొలినాళ్ళ రచన ఒకటి, చివరి దశలోది ఒకటి, ఈ మూడూ చదివితే మనిషి నడిచిన దారి తెలుస్తుంది. ఏ కథకుడిని ఎంచుకోవాలో తెలియనివారికి 1990 నుంచి వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో ఏటా వెలువడిన 'కథ' సంకలనాలు మంచి ఆధారం. ఒక్కొక్క ఏడాది నుంచి నచ్చిన ఒక కథ పేరు రాసుకొన్నా, చేతిలో ముప్పై మంది రచయితలు ఉంటారు. పాత కథల కోసం కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం ఉంది. పాత కవుల కాలక్రమం తెలుసుకోవడానికి ఆరుద్ర 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' పక్కన ఉంచుకోవాలి. చరిత్ర గ్రంథమైనా ముచ్చట్లు చెబుతున్నట్టే సాగుతుంది.

చివరగా, పేరు తెలిసినా ప్రతి దొరకని పుస్తకాల సంగతి. తెలుగులో చాలా పుస్తకాలు 500, 1000 ప్రతులకు మించి అచ్చు కావు, వాటిలో ఎన్నో రచయితలు సొంత ఖర్చుతో వేసుకొన్నవే. 'ప్రతులకు' అన్నచోట రచయిత చిరునామానే ఉంటే, ఒక ఉత్తరం గాని ఫోను గాని చాలు, పుస్తకం ఇంటికి వస్తుంది. చాలాసార్లు సంతకంతో సహా. కాపీహక్కు కాలం తీరిపోయిన పాత గ్రంథాలు తెలుగు వికీసోర్స్‌లోనూ, ఆర్కైవ్.ఆర్గ్‌లోనూ స్కాను ప్రతులుగా దొరుకుతాయి. 1924 నుంచి దశాబ్దాల పాటు వెలువడిన 'భారతి' మాసపత్రిక పాత సంచికలు కూడా స్కాను రూపంలో చదవడానికి వీలున్నది. అన్నమయ్య, పోతన, తరిగొండ వెంగమాంబ వంటివారి రచనలకు తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురణల విక్రయశాలను మొదట చూడాలి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మాత్రమే ఉన్న ప్రతి కావాలంటే, బయటివారు చదువుకోవడానికి అనుమతి కోరుతూ ఒక అర్జీ రాసుకొని వెళ్ళండి. పుస్తకం పేరు, రచయిత ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ప్రథమ ముద్రణ సంవత్సరం, ఈ మూడూ ఆ కాగితం మీద స్పష్టంగా ఉంటే బీరువాల మధ్య వెతికే సిబ్బందికి పని సగానికి సగం తగ్గుతుంది.